నూటికి ఐదు

అమీర్‌పేట, హైదరాబాద్
ఆగస్టు 11, 2008

ఇన్నమ్మక్కకు తమ్ముడు సుకుమార్ వందనాలు.

నాకు ఉద్యోగం దొరికింది. బ్యాంకు కాదు, బడి కాదు, కాబట్టి నువ్వు కొంచెం కూర్చుని చదువు. కంపెనీ పేరు గల్లీసంత డాట్ కామ్. ఇంటర్నెట్‌లో సంత. దుకాణం ఉండదు, గోదాం ఉండదు, సరుకు కూడా మాది కాదు. అమ్మేవాడు ఎక్కడో ఉంటాడు, కొనేవాడు ఇంకెక్కడో ఉంటాడు, మధ్యలో మేము కంప్యూటర్ల ముందు కూర్చుంటాం. దీనికి జీతం ఇస్తున్నారు.

ఈ లైన్లో గ్రాండ్ దర్వాజా అని ఒక పెద్ద కంపెనీ ఉంది. నెట్ మీద పది వస్తువులు అమ్ముడైతే ఏడు వాళ్లవే. నాలుగు ఊళ్లలో గోదాములు. మూడో రోజుకల్లా సరుకు గుమ్మం ముందుంటుంది, డబ్బా మీద రిబ్బనుతో సహా. మా ఎం.డి. రామ్‌చందర్ గారు మొదటి రోజే బోర్డు మీద అడ్డగీత గీసి, పైన వాళ్ల పేరు, కింద మా పేరు రాశారు. "వాళ్లది జల్దీ, మనది లేటు. వాళ్లకు బ్రాండుంది, మనకు లేదు. గందుకే మనం చవక. మన గొప్పతనం గదొక్కటే," అన్నారు. అందరం నోటుబుక్కుల్లో రాసుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. గ్రాండ్ దర్వాజాలో మోదుగాకు విస్తర్లు అమ్ముతున్నారు. ఒట్టు. అట్టపెట్టెలో పది విస్తర్లు, మధ్య మధ్య పల్చటి కాగితం, నూట నలభై తొమ్మిది రూపాయలు. పైన "అడవి చేతులు కుట్టినవి" అని రాసి ఉంది. ఆ పేజీ చూసి నీ కొట్టు గుర్తొచ్చి నవ్వుకున్నాను. రామ్‌చందర్ గారికి చూపిస్తే ఆయన నవ్వలేదు. "మీ అక్క వంద ఎంతకిస్తది?" అని అడిగారు. డెబ్బై అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

కార్తీకం వస్తోంది. వనభోజనాలకు ఇక్కడ విస్తరి దొరక్క జనం కాగితం ప్లేట్లు పట్టుకుని చెట్ల కింద కూర్చుంటారట. నువ్వు ఊ అంటే చాలు. బస్టాండు పక్కన నెట్ సెంటర్ భద్రయ్యకు ఆర్డర్లు వస్తాయి. ఆయన అడ్రసులు ప్రింటు తీసి ఇస్తాడు. నువ్వు పార్సిలు చేసి పోస్టాఫీసులో ఇవ్వడమే. ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదేం?

సుకుమార్


పాల్వంచ
ఆగస్టు 19

సుకుమార్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై భయమేసింది.

ఫోన్ ఎత్తితే నువ్వు మాట్లాడతావు, నేను ఒప్పుకుంటాను. నీకు మాటలు వచ్చినప్పటి నుంచీ అదే జరుగుతోంది. ఉత్తరమైతే నాలుగు రోజులు ఆలోచించుకోవచ్చు. కాబట్టి ఇక మీదట కొట్టు సంగతులు కాగితం మీదే.

కొట్టు ఎలా ఉందని నువ్వు అడగలేదు కానీ చెబుతాను. పవర్ స్టేషన్ కాలనీలో పెళ్లిళ్లన్నీ ఇప్పుడు బఫేలు. నిలబడి తినేవాడికి విస్తరి ఎందుకు? మొన్న మన చర్చి విచారణ పండుగకు కూడా థర్మాకోల్ ప్లేట్లే తెచ్చారు. ఫాదర్ గారు నన్ను చూసి తన ప్లేటు వీపు వెనక దాచుకున్నారు. పాపం, అందులో సాంబారుంది.

ముత్తక్క మాత్రం సోమవారం సోమవారం మణుగూరు బస్సు మీద కట్టలు వేసుకుని వస్తూనే ఉంది. అమ్మ ఉన్నప్పటి నుంచి వస్తోంది, ముప్పై ఏళ్లు దాటింది. ఒకప్పుడు వాళ్ల గూడెంలో పన్నెండు మంది కుట్టేవారు. ఇప్పుడు ఏడుగురు. మిగతా వాళ్లు కల్లూరు వైపు మిరపకాయలు ఏరడానికి పోయి అదే పని పట్టుకున్నారు. జనవరిలో మేస్త్రీ కూలీల కోసం మళ్లీ లారీ తెస్తాడు. ఆలోగా నా కొట్టులో సరుకు కదలకపోతే ఈ ఏడుగురూ లారీ ఎక్కుతారు, నేను తాళం వేసుకుంటాను. ఇందులో దాచేదేమీ లేదు.

నీ కంప్యూటర్ సంత గురించి ముత్తక్కకు చెప్పాను.

"కొనెటోడు కానొస్తడా?" అని అడిగింది.

"కానరాడు."

"మరి మంచోడో కాదో ఎట్ల తెలుస్తది?"

"పైసలిస్తే మంచోడే అనుకోవాలె."

ఆమె, "గట్లయితే లోకంల చానామంది మంచోళ్లున్నరు," అంది. అది ఊ అన్నట్టో కాదన్నట్టో నాకు తెలియలేదు. కానీ కట్టలు మామూలు కంటే రెండు ఎక్కువే దించింది.

సరే, పంపుతాను. ఆ పది విస్తర్లను నూట నలభై తొమ్మిదికి కొన్నవాళ్ల అడ్రసు ఒకటి దొరికితే పంపు. కొనిపించడానికి కాదు, ఒకసారి చూడాలని ఉంది.

ఇన్నమ్మ


అమీర్‌పేట
అక్టోబర్ 6

అక్కా,

మొదటి నెలలో అరవై నాలుగు కట్టలు పోయాయి. రామ్‌చందర్ గారు నీ పేరు మీటింగులో చదివారు. రెండుసార్లు చదివారు. రెండోసారి ఎందుకో చెబుతాను.

నీ మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి. ముగ్గురిదీ ఒకటే కష్టం. వంద అడిగితే నూట ఐదు వచ్చాయట. నిజాంపేట నుంచి ఒకాయన, "మిగిలిన ఐదు ఎవరివో కనుక్కొని వారికి చేర్చగలరు" అని రాశాడు. మియాపూర్ ఆవిడ తాను లెక్క తప్పానేమోనని ఇంట్లో ముగ్గురితో విడివిడిగా లెక్కపెట్టించింది. మూడో ఆయన రిటైర్డ్ ఇంజనీరు, సైనిక్‌పురి. ఆయన ఆ ఐదింటినీ రిజిస్టర్ పార్సిల్లో మాకు తిప్పి పంపాడు. లోపల చీటీ: "నాది కానిది నాకు వద్దు." అవి ఇప్పుడు నా టేబుల్ మీద ఉన్నాయి. ఎక్కువ వచ్చిన సరుకు వెనక్కి వస్తే ఏం చేయాలో మా కంపెనీలో ఎవరికీ తెలియదు.

మా సిస్టమ్‌కు తక్కువ పంపినా తప్పే, ఎక్కువ పంపినా తప్పే. ఐదు ఫిర్యాదులైతే అమ్మేవారి పేరు దానంతట అదే మాయమవుతుంది, ఎవరూ ఆపలేరు. గ్రాండ్ దర్వాజా వాళ్లు పదంటే పదే పంపుతారట. అక్కా, దయచేసి వంద అంటే వందే పంపు. ఇంతకీ ఆ ఐదు ఎలా వస్తున్నాయి? ఎవరైనా లెక్క సరిగా రానివాళ్లను పెట్టుకున్నావా?

సుకుమార్


పాల్వంచ
అక్టోబర్ 14

సుకుమార్,

నువ్వు ఈ కొట్టులోనే, ఈ కట్టల మీదే పడుకుని పెరిగావు. నూరంటే నూట ఐదని నీకు నేను ఉత్తరం రాసి చెప్పాల్సి వచ్చింది. హైదరాబాద్ నీళ్లు బాగానే పని చేశాయి.

ముత్తక్క విస్తర్లను చేతులతో లెక్కపెడుతుంది. చెయ్యి అంటే ఐదు. ఒక్కో చెయ్యి వేస్తూ వాళ్ల భాషలో పైకి చెబుతుంది. ఇరవై చేతులయ్యాక నోరు మూసుకుంటుంది. అప్పుడు మాట్లాడకుండా ఇంకో చెయ్యి వేసి నార కట్టేస్తుంది. ఆ చెయ్యి లెక్కలోది కాదు, కొసరు. చిరిగినదానికి ఒకటి, పిలవకుండా వచ్చేవాడికి ఒకటి, మిగిలినవి ఎందుకో అమ్మకు తెలిసేది, నాకు తెలియదు. అమ్మ దగ్గర ముత్తక్క అలాగే ఇచ్చింది, నేను జనానికి అలాగే ఇస్తున్నాను.

అయినా నీ మాట తీసెయ్యలేక సోమవారం అడిగాను.

"ముత్తక్కా, ఇగ నూరే కట్టరాదు?"

"ఎందుకు?"

"కొన్నోళ్లు లెక్కవెట్టుకుంటుండ్రట."

"తక్కువొచ్చినయా?"

"ఎక్కువొచ్చినయని లడాయి."

ముత్తక్క నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో కండక్టర్‌కు చెప్పి వాడిని కూడా నవ్వించిందట. దాని తర్వాత నేనేం అడగను?

కట్ట విప్పి ఐదు తీయడం నా వల్ల కాదు. అది దొంగతనం. నీ కంప్యూటర్‌లోనే నూట ఐదు అని రాసేయ్, గొడవ వదిలిపోతుంది. ఇక ఆ ఇంజనీరు గారికి నా తరఫున రాయి: ఆ ఐదూ ఆయనవి కాకపోతే, పిలవకుండా ఇంటికి వచ్చినవాళ్లకు వేసి అన్నం పెట్టమను. ఆయన ఇంటికి అలా ఎవరూ రారేమో, అది కూడా కనుక్కో.

ఇన్నమ్మ


అమీర్‌పేట
నవంబర్ 22

అక్కా,

నూట ఐదు అని రాయడం కుదరలేదు. మా కంప్యూటర్‌లో పది, పాతిక, యాభై, వంద మాత్రమే ఉన్నాయి. దాన్ని మార్చే మనిషి బెంగళూరులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. మీ ఇద్దరికీ పరిచయం చేయాలి.

అక్టోబర్ ముప్పయ్యిన ఐదో ఫిర్యాదు వచ్చి నీ పేరు మాయమైంది. నీకు చెప్పలేదు. నాలుగు రోజులు నాకు నిద్ర లేదు, కొట్టు నా చేతులతో మూయించానని అనిపించింది.

ఐదో రోజు రామ్‌చందర్ గారు పిలిచారు. తీసేస్తారనుకున్నాను. ఆయన ముందు ఒక కాగితం ఉంది. గల్లీసంతలో ఒకసారి కొన్నవాళ్లు పది మందిలో ఒకరే మళ్లీ వస్తారు. మిగతా తొమ్మిది మందీ గ్రాండ్ దర్వాజాకు పోతారు. నీ దగ్గర కొన్నవాళ్లు మాత్రం పదికి ఆరుగురు మళ్లీ వచ్చారు. ఆయన వాళ్లకు స్వయంగా ఫోన్లు చేశారు. ఒకావిడ, "మా అమ్మమ్మ ఊళ్లో మామిడికాయలకు ఇట్లనే వేసెటోళ్లు సార్. ఎన్నేండ్లయిందో," అని ఫోన్లోనే కళ్లనీళ్లు పెట్టుకుందట. రామ్‌చందర్ గారు బయటికొచ్చి బోర్డు తుడిచి కొత్తగా రాశారు. "జల్దీ వాళ్లది. కొసరు మనది." ఇంకో మాట కూడా అన్నారు: "రేటు తగ్గించుడు ఎవడైనా చేస్తడు. పెద్దోడు తల్చుకుంటే మనకన్న ఎక్కువ తగ్గిస్తడు. గీ కొసరు వానికి తెల్వది."

నీ పేరు ఆ రోజే మళ్లీ పెట్టించారు. ఇప్పుడు మా మూడు వందల మంది అమ్మేవాళ్లూ నూటికి ఐదు కొసరు వేయాలని ఆర్డరు వెళ్లింది. పంజాగుట్టలో పెద్ద బోర్డు కూడా పెట్టారు. నీకు ఈ నెల నాలుగు వందల పది కట్టలు! ఇంజనీరు గారు రెండు కట్టలు తీసుకున్నారు, కొసరు తప్పకుండా ఉండాలని రాశారు. నన్ను సీనియర్ చేశారు.

సుకుమార్


పాల్వంచ
డిసెంబర్ 1

సుకుమార్,

వెళ్లిన ఐదుగురూ తిరిగి వచ్చి మళ్లీ పన్నెండు మందయ్యారు. వాళ్ల కట్టలు బస్సు పైన పట్టడం లేదని ముత్తక్క రెండు ట్రిప్పులు వేస్తోంది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు. మొన్న కొట్టులో నిలబడి పైకప్పు దాకా ఉన్న సరుకు చూసి అమ్మను తలుచుకుని ఏడ్చాను కూడా. నిన్ను చదివించినందుకు మొదటిసారి లాభం వచ్చింది.

నీ సంత ఎలా ఉంటుందో చూద్దామని భద్రయ్య చేత ఒక డజను చేతిరుమాళ్లు తెప్పించుకున్నాను. డజనుకు ఒకటి కొసరు అన్నారు, పదమూడు వచ్చాయి. పదమూడూ పరిస్తే పాత డజనంత గుడ్డ లేదు. జలుబు చేసినవాడు ముక్కులో ఒక పక్కే తుడుచుకోవాలి.

మీ ఎం.డి. గారికి చెప్పు. ఆర్డరు వేసి ఇప్పించేది కొసరు కాదు, సర్క్యులర్.

ఇన్నమ్మ


అమీర్‌పేట
డిసెంబర్ 18

అక్కా,

గ్రాండ్ దర్వాజా వాళ్లు నూటికి పది కొసరు మొదలుపెట్టారు. కొసరు అనే మాట కూడా మాదే వాడుకుంటున్నారు. వాళ్లకు నష్టం వచ్చినా రెండేళ్లు తట్టుకుంటారు. మేము రెండు నెలలు తట్టుకోలేం.

రామ్‌చందర్ గారు ఒక దారి చెప్పారు. జాగ్రత్తగా చదువు. ఇక మీదట మా పేజీలో "వంద విస్తర్లు" అని ఉండదు. "ఒక కట్ట" అని మాత్రమే ఉంటుంది. కట్ట అంటే ఎన్నో మనం ఎక్కడా చెప్పం. కట్టలో తొంభై ఐదు, పక్కన ఎర్ర కవరులో ఐదు, దాని మీద "మీ కొసరు" అని అచ్చు. కొసరు చేతికి విడిగా తగిలితే జనానికి ఇంకా నచ్చుతుందట. రేటు అరవై రెండు. ఇందులో ఒక్క అబద్ధపు ముక్క లేదు, లాయరు గారు చూశారు. ముత్తక్క కట్టే నూట ఐదులోంచి నువ్వు ఐదు తీస్తే చాలు. అవి నీకే మిగులుతాయి, రేటు తగ్గిన నష్టం సర్దుకుంటుంది.

నువ్వేమంటావో నాకు తెలుసు. నేనూ అదే అన్నాను. "మీ అక్కతోనే గీ కొసరు షురూ అయింది. ఆమెనే చెయ్యకపోతే మిగిలినోళ్లు ఎట్ల చేస్తరు?" అని ఆయన అందరి ముందూ అడిగారు. చేస్తది సార్ అన్నాను. నిన్ను అడగకుండా అన్నాను. తప్పే. కానీ జనవరిలో లారీ వస్తుందని నువ్వే రాశావు కదా.

వెయ్యి ఎర్ర కవర్లు పంపాను.

సుకుమార్


పాల్వంచ
డిసెంబర్ 27

సుకుమార్,

కవర్లు అందాయి. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పండుగ బాగా జరిగింది.

ఇన్నమ్మ


అమీర్‌పేట
జనవరి 17, 2009

అక్కా,

ఈ నెల సగం కూడా కాకముందే నీకు ఐదు వందల కట్టలు దాటాయి. ఒక్క ఫిర్యాదు లేదు. ఎర్ర కవర్ల ఫొటో పేపర్లో వేశారు. రామ్‌చందర్ గారు బొంబాయి వెళ్లి పెట్టుబడి పెట్టేవాళ్లకు నీ కథ చెప్పారట, వాళ్లు చాలా మెచ్చుకున్నారట. లారీ వచ్చి ఖాళీగా వెళ్లిందని భద్రయ్య చెప్పాడు. మనం గెలిచాం కదా?

నీ ఉత్తరం మూడు వాక్యాలే ఉంది. ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఒంట్లో బాగుందా?

సుకుమార్


పాల్వంచ
ఫిబ్రవరి 14

సుకుమార్,

ఒంట్లో బాగానే ఉంది. ముందు పని మాట రాస్తాను, తర్వాత మిగతాది.

నీ సంతలోంచి నా పేరు తీసెయ్. ఈసారి ఐదు ఫిర్యాదుల దాకా ఆగక్కర్లేదు, నేనే అడుగుతున్నాను. మిగిలిన ఎర్ర కవర్లు పార్సిల్లో తిప్పి పంపాను. మీకు గోదాం లేకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. కొన్నవాళ్ల అడ్రసులన్నీ నా దగ్గరే ఉన్నాయి. రెండోసారి కొన్నవాళ్లకు కార్డులు రాశాను. ఎర్ర కవరులో వచ్చిన ఐదు మీ కట్టలోవే, నేనే తీసి మళ్లీ మీకే ఇచ్చాను, మన్నించండి, ఇక మీదట కావాలంటే నాకే రాయండి అని. నూట పది కార్డులకు ఇంతవరకు ముప్పై ఒక్క జవాబులు వచ్చాయి. అందులో నలుగురు తిట్టారు. ఇరవై ఏడుగురికి సరుకు కావాలట. పన్నెండు మందికి పని చాలదు, ఎనిమిది మందికి సరిపోవచ్చు. నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. నీకు కోపం వస్తే రానీ.

ఇప్పుడు మిగతాది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మొదలుపెట్టాను. తలుపు దగ్గరికి వేసి ఒక్కో కట్టా విప్పి పది తీసి, ఐదు ఎర్ర కవరులో వేసి, ఐదు పక్కన పెట్టేదాన్ని. లారీ కోసం చేశాననుకున్నాను. నువ్వు అందరి ముందూ మాట ఇచ్చేశావు, అది పోకూడదని కూడా చేశాను. ఇరవై కట్టల కొసరు కలిస్తే ఒక నూరు. అలా నలభై రెండు కట్టలు తయారయ్యాయి. అడవి నుంచి రాలేదు, బస్సు ఎక్కలేదు, నా కొట్టులోనే పుట్టాయి. వాటికి ముత్తక్కకు ఒక్క రూపాయి ఇవ్వలేదు.

జనవరిలో ఒక సోమవారం ఆమె సరుకు దించుతూ వాటిలో ఒకటి చూసింది. నార బదులు ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది.

"ఇది ఎవల కట్ట?"

"మనదే," అన్నాను.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో విస్తరీ తిప్పింది. పుల్ల గుచ్చిన తీరు చూసి మనిషి పేరు చెబుతుందని నాకు ఇన్నేళ్లలో తెలియదు. "ఇది నా కుట్టు. ఇది మా కోడలుది. ఇది ఎడమచేతిది, సమ్మక్కది," అంటూ పోయింది. మనిషి కట్ట మనిషిదే, ఒకరివి ఒకరు కలపరు. "ఒక్క కట్టల పన్నెండు మంది చేతులు ఎట్ల కలిసినయ్ ఇన్నమ్మా?" అని అడిగింది. ఆమె మంచినీళ్లు తాగి, చెంబు బోర్లించి, బస్సుకు వెళ్లిపోయింది.

తర్వాతి సోమవారం కట్టలన్నీ నూరు వచ్చాయి. నా లెక్క తప్పిందనుకుని ఇంకోటి విప్పాను. నూరే. అది చూసి ముత్తక్క, "నీకు నూరే గావాలంటివి గద," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. కొత్త దుకాణం వాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆమె నాకు లెక్కపెట్టి ఇచ్చింది, ఒక్కటి ఎక్కువ లేదు. కొట్టు నిండా సరుకుంది, చేతినిండా ఆర్డర్లున్నాయి, ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. నా బతుకులో అంత చిన్నతనం ఎప్పుడూ పడలేదు.

శనివారం గుడికి వెళ్లి పాపసంకీర్తనం చేశాను, చేసిన తప్పు ఒప్పుకున్నాను. ఫాదర్ గారు అంతా విని, "ఈ సంగతి ఆమెకు చెప్పారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి ముందు ఇక్కడికి ఎందుకొచ్చారమ్మా?" అన్నారు. థర్మాకోల్ ప్లేటు దాచుకున్న మనిషి అంత మాట అంటారని నేను అనుకోలేదు.

గురువారం బస్సు మీద నలభై రెండు కట్టలూ వేసుకుని గూడేనికి వెళ్లాను. బస్సు దిగాక రెండు మైళ్లు. ముత్తక్క కోడలు ఎదురొచ్చి సగం మోసింది. వేపచెట్టు కింద అందరూ కుడుతున్నారు. కట్టలు వాళ్ల ముందు దించి నిలబడే చెప్పాను. "ఇవి మీ చేతులవి. నేనే తీసిన. తమ్ముడు అడిగిండు. వాడు అడిగిండు గానీ తీసిన చెయ్యి నాది."

ఎవరూ కుట్టడం ఆపలేదు. ముత్తక్క తలెత్తకుండా అంది.

"అడిగితే ఇయ్యకపోదునా?"

ఆ ఒక్క మాటకే నేను అక్కడ కూలబడి ఏడ్చాను. వాళ్ల ముందు ఏడ్చానని నీకు రాయకుండా ఉందామనుకున్నాను, రాశాను. నీకు తెలియాలి. నువ్వు కూడా వచ్చి ఆ మాట ఆమె నోటితో వినాలి. ఎప్పుడు రావాలో నేను చెప్పను, నీ మనసుకు తోచినప్పుడు రా.

సాయంత్రం బస్సుకు టైమవుతుంటే ఆమె తన ముందున్న విస్తర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పైకే చెప్పింది. ఇరవై చేతులయ్యాయి. ఆగి నార తీసుకుంది.

సంతలో కొసరు అడగని మనిషి ఉండదు. కానీ అమ్మ గానీ నేను గానీ ముత్తక్కను ఏనాడూ అడగలేదు, అడిగే అవసరం ఆమె రానివ్వలేదు. ఆ రోజు అడిగాను.

"కొసరు వెయ్యి ముత్తక్కా."

ఆమె నా మొహంలోకి చూసింది. నార పక్కన పెట్టి, పక్క కుప్పలోంచి ఒక్క విస్తరి తీసి, రెండు వైపులా తిప్పి చూసి, కట్ట మీద వేసింది.

"ఇప్పటికి ఒకటే," అంది. "మిగిలినయ్ సూద్దాం."

అప్పటి నుంచి రెండు సోమవారాలైంది. కట్టకు నూట ఒకటి వస్తున్నాయని ముత్తక్క చెబుతోంది. నేను విప్పి చూడలేదు.

ఇన్నమ్మ